అప్రైజల్ రివ్యూయర్ పేరు దాచాలన్న వాదనకు జవాబు

అమెరికాలో ఇంటి లోన్ల కోసం ఇళ్లకు విలువ కట్టే (అప్రైజల్ చేసే) అప్రైజర్ల మధ్య, ఆ అప్రైజల్‌ను తర్వాత తనిఖీ చేసే రివ్యూయర్ల గురించి ఒక మాట బాగా తిరుగుతోంది: "అప్రైజల్‌ను రివ్యూ చేసేవాళ్ల పేరు బయటికి రాకూడదు. తెలిస్తే మొహమాటాలు, కక్షలు మొదలవుతాయి. పరిశోధన పత్రికల్లోనూ రివ్యూయర్ల పేర్లు చెప్పరు కదా! విమర్శ సరైనదైతే చాలు, ఎవరు రాశారన్నది అనవసరం." వినడానికి సబబుగానే ఉండడంతో చాలామంది దీన్ని పంచుకుంటున్నారు. నేను మాత్రం ఒప్పుకోలేను.

ముందు పరిశోధన పత్రికల పోలిక సంగతి. అక్కడ రివ్యూయర్ ఎవరో రచయితకు తెలియకపోవచ్చు గానీ సంపాదకుడికి తెలుసు. ఆ రివ్యూయర్‌ను ఎంచుకున్నదీ, ఆ అభిప్రాయాన్ని తూచి చివరి నిర్ణయం తీసుకునేదీ సంపాదకుడే. ఆయన పేరు పత్రిక మీదే ఉంటుంది. తప్పు జరిగితే నిలదీయడానికి ఒక మనిషి ఉన్నాడు. అప్రైజల్ రివ్యూలో చాలాసార్లు రివ్యూయర్ మాటే తీర్పులా పనిచేస్తుంది. "ఈ విలువ నిలబడదు" అని రాస్తే లోన్ ఆగిపోవచ్చు, ఇల్లు కొనే కుటుంబం ఒప్పందం చెడిపోవచ్చు, అప్రైజర్‌కు ఆ లెండర్ (లోన్ ఇచ్చే సంస్థ) మళ్లీ పని ఇవ్వకపోవచ్చు. ఇక రివ్యూయర్ తప్పులు ఎత్తిచూపడంతో ఆగకుండా తన సొంత విలువ కూడా చెబితే, అది మరో అప్రైజలే. మొదటి అప్రైజర్ సంతకం పెట్టి, లైసెన్స్ నంబర్ వేసి విలువ చెప్పాలి, దాన్ని కొట్టేసే మనిషి మాత్రం చీకట్లో ఉండొచ్చు అనడం ఏ రకంగానూ న్యాయం కాదు.

ఈ వృత్తి ప్రమాణాలు కూడా ఇలా ఒప్పుకోవు. అందరూ యూస్‌పాప్ అని పిలిచే యూనిఫామ్ స్టాండర్డ్స్ ఆఫ్ ప్రొఫెషనల్ అప్రైజల్ ప్రాక్టీస్‌లో 3, 4 స్టాండర్డ్‌లు రివ్యూల గురించినవే. వాటి ప్రకారం రాసే రివ్యూ రిపోర్టులో రివ్యూయర్ సంతకం చేసిన సర్టిఫికేషన్ ఉండి తీరాలి. ఈ ఆస్తిలో నాకు స్వార్థం లేదు, ఇందులో ఉన్న ఎవరి మీదా పక్షపాతం లేదు, నా ఫీజు ఫలానా ఫలితం రావడం మీద ఆధారపడి లేదు అని అందులో చెప్పాలి. గత మూడేళ్లలో ఈ ఆస్తికి సంబంధించి ఏదైనా పని చేసి ఉంటే అదీ చెప్పాలి. పేరే లేనప్పుడు వీటిలో ఏ ఒక్కదాన్నైనా ఎలా సరిచూస్తాం? స్వార్థం ఉందో లేదో తెలియాలంటే ముందు మనిషెవరో తెలియాలి.

ఇంకో విషయం చాలామంది దృష్టికి రాదు. రివ్యూ చేయించుకునే క్లయింట్ కోరితే, అసలు అప్రైజల్ రాసినవారి పేరును రివ్యూయర్‌కు చెప్పకుండా ఉంచవచ్చని యూస్‌పాప్ అంటుంది. అది నాకు సబబుగా తోస్తుంది. ఎవరి పనో తెలియకపోతే పాత స్నేహాలు, పాత పోటీలు రివ్యూలోకి చొరబడవు. రివ్యూయర్‌కు మాత్రం అలాంటి వెసులుబాటు లేదు. మొహమాటాల గురించి నిజంగా బాధపడేవాళ్లు ఈ దారిని అడగాలి.

"పేరు తెలిస్తే కక్ష కడతారు" అన్న భయాన్ని నేను కొట్టిపారేయను. చిన్న ఊళ్లలో ఒకరి పనిని ఒకరు రివ్యూ చేసే పరిస్థితి ఉంటుంది, ఆ టెన్షన్ నిజమే. కానీ అప్రైజల్ రంగంలో అతి పెద్ద ఒత్తిడి తోటి అప్రైజర్ల నుంచి వచ్చింది కాదు, లోన్ నడిస్తే లాభపడేవాళ్ల నుంచి వచ్చింది. అందుకే 2010 నాటి డాడ్-ఫ్రాంక్ ఆర్థిక సంస్కరణల చట్టం, లోన్ల షరతులు బయటపెట్టించే ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టంలో 129ఈ సెక్షన్ చేర్చింది. సొంత నివాసాన్ని తాకట్టు పెట్టి తీసుకునే లోన్లలో అప్రైజల్‌తో సంబంధం ఉన్నవాళ్లను బెదిరించి, లంచమిచ్చి విలువ మార్పించే ప్రయత్నాన్ని ఆ సెక్షన్ నిషేధించింది. మొదటి ఉల్లంఘనకు రోజుకు 10,000 డాలర్ల దాకా, ఆ తర్వాతివాటికి 20,000 దాకా జరిమానా అని చట్టంలో రాశారు. అదే సెక్షన్ అదనపు సమాచారం చూడమని, వివరణ ఇమ్మని, పొరపాటు దిద్దమని అడగడాన్ని అనుమతిస్తుంది. అడిగింది దిద్దుబాటా, ఒత్తిడా అని తేల్చాలంటే అడిగిందెవరో తెలియాలి. పేరు దాచడం వల్ల ఒత్తిడి పెట్టేవాళ్లకే ఎక్కువ మేలు.

"విమర్శ సరైనదైతే చాలు" అన్నది కూడికల తప్పుల వరకు నిజం. అప్రైజల్‌లో అసలు గొడవలు అక్కడ రావు. పోలికకు ఏ ఇళ్ల అమ్మకాలు తీసుకోవాలి, పెద్ద రోడ్డుకు అవతల, వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న ఇల్లు ఇక్కడికి సరిపోతుందా, అదనపు గదికి ఎంత సర్దుబాటు చేయాలి, వీటి దగ్గరే పేచీ. ఇవి ఆ ప్రాంతపు మార్కెట్ తెలిసినవాళ్లు చెప్పాల్సిన మాటలు. చేసే పనికి తగిన జ్ఞానం, అనుభవం ఉండాలనే కాంపిటెన్సీ రూల్ యూస్‌పాప్‌లో ఉన్నది ఇందుకే. రివ్యూయర్ ఆ మార్కెట్లో పనిచేశారో లేదో తెలియకుండా ఆ మాటకు ఎంత బరువివ్వాలో ఎలా నిర్ణయిస్తాం? రివ్యూయర్ కూడా తన వర్క్‌ఫైల్‌ను (ఆ పనికి సంబంధించిన కాగితాలు, రికార్డులు) కనీసం ఐదేళ్లు దాచాలి. పేరు తెలియకపోతే అప్రైజర్ల లైసెన్సులు చూసే స్టేట్ బోర్డు ఎవరి ఫైల్ తెప్పించుకుంటుంది?

ఫారంలో ఖాళీలు, అక్షర దోషాలు చూసే సిబ్బంది పని వేరు, యూస్‌పాప్ లెక్కలో అది అప్రైజల్ రివ్యూ కాదు. లెండర్ల నుంచి ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే 2015లో వాళ్లకు అందుబాటులోకి తెచ్చిన, అప్రైజల్స్‌ను పరిశీలించే కొలాటరల్ అండర్‌రైటర్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చే 1 నుంచి 5 దాకా రిస్క్ స్కోరూ అంతే. కానీ ఆ స్కోరు చూసి "ఈ అమ్మకం తీసేసి ఆ అమ్మకం పెట్టండి" అని ఎవరైనా తన తీర్పుగా చెబితే, ఆ మాట సిస్టమ్ చెప్పింది అనడం చెల్లదు.

రివ్యూయర్ల పేర్లు ఊరంతా చాటమని నేను అనడం లేదు. గోప్యత నియమం ప్రకారం రిపోర్టు క్లయింట్ దగ్గరే ఉండొచ్చు. ఇల్లు కొనేవాళ్లకు రివ్యూయర్ ఫోన్ నంబర్ అక్కర్లేదు. కానీ విలువ మార్చమనో, పోలికలు మార్చమనో అప్రైజర్‌కు వచ్చే ప్రతి లేఖ కింద ఆ అభిప్రాయం ఎవరిదో పేరు, ఏ రాష్ట్రపు లైసెన్సో దాని నంబర్ ఉండాలి. అవి లేని లేఖ వస్తే, జవాబు రాసే ముందు ఆ రెండూ ఇమ్మని లెండర్‌ను రాతపూర్వకంగా అడగండి, ఆ ఉత్తరాన్ని మీ వర్క్‌ఫైల్‌లో పెట్టుకోండి.