బ్రిటన్ ఒప్పందం: విశాఖ పంపాల్సింది ఐసు దిమ్మలు కాదు

2025 జూలై 24న భారత్, బ్రిటన్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మన దగ్గర చర్చ చాలావరకు స్కాచ్ విస్కీ ఎంత తగ్గుతుంది, విదేశీ కార్లు ఎంతకొస్తాయి అన్నదాని చుట్టూనే తిరిగింది. విశాఖ నుంచి చూస్తే ఆ ఒప్పందంలో అసలు సంగతి రొయ్య.

ఆ మరుసటి నెలలో ఏం జరిగిందో ఆక్వా రైతును అడగండి. ఆగస్టు 27 నాటికి అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. మరీ చవగ్గా తెచ్చి కుమ్మరిస్తున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం ఎలాగూ ఉంది. మన పోటీదారు ఈక్వెడార్‌కు ఇంత దెబ్బ తగల్లేదు. సుంకం వాషింగ్టన్‌లో పెరిగితే, కోత పడింది మాత్రం గోదావరి జిల్లాల్లో, కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి చెరువు గట్టు మీద చెప్పే కౌంట్ ధరలో. 2024-25లో దేశం 62 వేల కోట్ల రూపాయలకు పైగా సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో సింహభాగం రొయ్య, ఆ రొయ్యలో సింహభాగం ఆంధ్రది, దానికి పెద్ద రేవు విశాఖ. ఇంత వ్యాపారంలో పెద్ద వాటా ఒక్క అమెరికా దయ మీద నడవడం ఏం వ్యాపారం?

బ్రిటన్ మార్కెట్ అమెరికా ముందు ఏ మూలకు, తగ్గిన సుంకాన్ని అక్కడి సూపర్‌మార్కెట్లే మింగేస్తాయి అనేవాళ్లున్నారు. కొంత మింగుతాయి, నిజమే. కానీ కేంద్ర వాణిజ్య శాఖ లెక్క చూడండి: బ్రిటన్ ఏటా 540 కోట్ల డాలర్ల సముద్ర ఉత్పత్తులు దిగుమతి చేసుకుంటోంది, అందులో మన వాటా 2.25 శాతం. అక్కడి జనం ఎక్కువగా తినే ఐదు రకాల్లో రొయ్య ఒకటి. రెండో కొనుగోలుదారు ఉన్నాడంటేనే మొదటివాడి దగ్గర బేరానికి బలం వస్తుంది.

అయితే నాకు ఈ ఒప్పందంలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది వేరే ఉంది. రొయ్యలు, ట్యూనా వంటి వాటి మీద బ్రిటన్‌లో మనకు పడే 4.2 నుంచి 8.5 శాతం సుంకాన్ని ఇది సున్నా చేస్తుంది. ముడి సరుకు మీద తక్కువ, వండి సిద్ధం చేసిన సరుకు మీద ఎక్కువ. ఇన్నాళ్లూ ఆ సుంకం నడిచిన పద్ధతి అది. అంటే తల తీసి, ఒలిచి, దిమ్మగా గడ్డకట్టించి పంపితే పర్వాలేదు, ఉడికించి, మసాలా పట్టించి, ప్యాకెట్ చేసి పంపితే జరిమానా. లాభం ఉన్న పనంతా సముద్రం అవతలే జరగాలన్న ఏర్పాటు ఇది. ఇప్పుడు ఆ జరిమానా పోతుంది. వియత్నాం 2021లోనే బ్రిటన్‌తో ఒప్పందం అమల్లోకి తెచ్చుకుని ముందుకెళ్లింది. మనం ఆలస్యంగా మేలుకున్నాం, అయినా మేలుకున్నాం.

సుంకం పోతే సరిపోదు. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో యూరోపియన్ యూనియన్ 2016 నుంచి మన చెరువు రొయ్యల సరుకులో సగం ఆపి పరీక్షిస్తోంది. ఆ అనుమానం బ్రిటన్‌లో మొదలైతే సున్నా సుంకం కాగితం మీదే ఉంటుంది. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ నుంచి కంటైనర్ దాకా ప్రతి లాటుకూ లెక్క ఉండాలి.

ఇక అసలు మాట. ఏ ప్లాంటులోనైనా పీలింగ్ హాలు చూస్తే తెలుస్తుంది: పొడవాటి స్టీలు బల్లలు, ఐసు నీళ్లు, చేతికి గ్లవుజులు, తలకు టోపీలు, వరసగా ఆడవాళ్లు. పొట్టు ఒలవడం, వీపు మీది నల్ల నరం లాగడం, పక్క ట్రేలో వేయడం. గంటల తరబడి నిలబడే చేస్తారు. చాలాచోట్ల కూలి కేజీల లెక్కన. 62 వేల కోట్ల వ్యాపారం ఈ వేళ్ల మీద నిలబడి ఉంది. మరోపక్క ఇదే విశాఖ ఉన్న ఉత్తరాంధ్ర నుంచి మగవాళ్లు వేటకు పని వెతుక్కుంటూ గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతున్నారు. అలా వెళ్లి 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఎదురుగా సముద్రం, పక్కనే దేశంలోకెల్లా పెద్ద రొయ్యల రేవు. అయినా పని కోసం వెయ్యి మైళ్లు పోవాలి. ఈ ప్రాంతానికి జరుగుతున్న అన్యాయానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

వండి ప్యాక్ చేసే ప్లాంటుకు ఒలిచే చేతులొక్కటే చాలవు. వంటగది సూపర్‌వైజర్లు, ల్యాబు కుర్రాళ్లు, మెషీన్ ఆపరేటర్లు, ప్యాకింగ్ డిజైన్ చేసేవాళ్లు, అందరూ కావాలి. శ్రీకాకుళం, విజయనగరం డిగ్రీ పిల్లలు హైదరాబాద్ బస్సెక్కకుండా చేయగల ఉద్యోగాలివి. కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం భూమి, కరెంటు రాయితీలు ఇచ్చేటప్పుడు దిమ్మలు గడ్డకట్టించే ప్లాంటుకూ, వండిన సరుకు పంపే ప్లాంటుకూ ఒకే రేటు పెట్టకూడదు. రెండోదానికే ఎక్కువ ఇవ్వాలి, అదీ పీలింగ్ బల్ల దగ్గరి ఆడవాళ్లను నెల జీతం, పీఎఫ్‌తో రోల్స్‌లోకి తీసుకుంటేనే.