కరెంటు పోయిన నిమిషంలో నీళ్లు ఎక్కడికి పోతాయి: బావతో వాదన

విశాఖ సీతమ్మధారలో మూడో అంతస్తు ఫ్లాట్, హాల్లో ఆరడుగుల అక్వేరియం పెట్టబోతున్నాడు మా బావ. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, అందులో ఆస్కార్ చేపలు. గాజుకి ఇంకా రంధ్రాలు వేయించలేదు. ట్యాంకులోంచి పొర్లి దిగే నీళ్లని పట్టే కింది తొట్టి, అంటే సంపు, ఎంత ఉండాలి, అక్కడినుంచి పంపుతో నీళ్లు మళ్లీ పైకి తెచ్చే రిటర్న్ పైపు ఎలా వేయాలి అని నిన్న రాత్రి మా ఇద్దరికీ గంటన్నర వాదన జరిగింది. ఎవరేమన్నారో అలాగే రాస్తున్నాను, ఎందుకంటే బావ చెప్పినవాటిలో నేను ఒప్పుకోక తప్పనివి కూడా ఉన్నాయి.

బావ: చేపలుండేది పైన. డబ్బూ పైనే పెడతాను. కింద మూడడుగుల సంపు, పదిహేను ఇంచుల వెడల్పు, పదిహేను ఇంచుల ఎత్తు. 133 లీటర్లు వస్తాయి. పైన అంచు దాకా 680. దాదాపు ఇరవై శాతం, ఇంకేం కావాలి?

నేను: శాతాలతో సంపు కొలవకు బావా. కరెంటు పోయిన నిమిషంలో పైనుంచి ఎన్ని లీటర్లు కిందకి దిగుతాయో ముందు అది చెప్పు. నీ ట్యాంకు పైభాగం పన్నెండు చదరపు అడుగులు, ఒక్క ఇంచు మట్టం తగ్గితే ఒక ఘనపుటడుగు నీళ్లు, అంటే 28 లీటర్లు. పంపు ఆగగానే ఆ ఇంచు ఎలాగూ దిగుతుంది. పొర్లే నీళ్లని పట్టి కిందకి పంపే మూలన ఓవర్‌ఫ్లో పెట్టెలో ఉన్నది ఇంకో పదిహేను లీటర్లు, పైపుల్లో ఉన్నది కొంత. యాభై వేసుకో. నీ చిన్న సంపులో మామూలుగా వంద లీటర్లు నడుస్తుంటే ఖాళీ ముప్ఫై మూడే. మిగతా పదిహేడు లీటర్లు హాల్లోకి, ఆ తర్వాత కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్‌కి.

బావ: ఇన్వర్టర్ ఉంది కదరా. పంపు అసలు ఆగితే కదా.

నేను: హుద్‌హుద్ గుర్తులేదా? 2014 అక్టోబర్ 12న తుఫాను కొట్టాక ఎన్ని రోజులు కరెంటు లేకుండా ఉన్నాం? ఏ ఇన్వర్టరూ ఒక రాత్రికి మించి నిలబడలేదు. అంత దాకా ఎందుకు, పంపు కడగడానికి నువ్వే నెలకోసారి ప్లగ్ తీస్తావు. ఆగిపోయే పంపుకి సరిపడేలాగే కట్టాలి, ఆగదులే అనుకుని కట్టకూడదు.

బావ: సరే, రిటర్న్ పైపులో నాన్ రిటర్న్ వాల్వ్ పెడతాను. నీళ్లు వెనక్కి రావు.

నేను: అది కొత్తలోనే. కొన్ని నెలలకి తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, లేదంటే ఒక నత్త పెంకు ముక్క అడ్డం పడుతుంది, అంతే, మూత పూర్తిగా మూసుకోదు. పైగా ఓవర్‌ఫ్లోలోంచి దిగే నీళ్లని అది ఎలాగూ ఆపదు. పెట్టాలనుంటే రెండు పక్కలా యూనియన్లు వేసి విప్పి కడుక్కునేలా పెట్టు, కానీ దాన్ని నమ్ముకుని సంపు తగ్గించకు. నాలుగడుగులు, పద్దెనిమిది ఇంచులు, పద్దెనిమిది ఇంచులు. 255 లీటర్లు. నూట యాభై దగ్గర నడిపితే నూరు పైనే ఖాళీ ఉంటుంది.

బావ: ఆగు. రిటర్న్ పైపు చివరి నాజిల్ మూతి నీళ్లలో నాలుగు ఇంచుల లోతున పెడదామని నువ్వే అన్నావు. పంపు ఆగితే అదే పైపు సైఫన్‌లా నాలుగు ఇంచుల నీళ్లూ వెనక్కి కిందకి లాగేస్తుంది కదా? నాలుగు ఇరవై ఎనిమిదులు నూట పన్నెండు, పెట్టెలోదీ పైపుల్లోదీ కలిపితే నూట ముప్ఫై పైనే. నీ పెద్ద సంపు కూడా పొంగుతుంది.

నేను: నిజమే. అది నేను చూసుకోలేదు. నాజిల్ ఒక ఇంచు లోతుకి తెద్దాం.

బావ: అంటే సంపు సైజు కంటే నాజిల్ ఎత్తు ముఖ్యం. అదీ నేను చెప్పేది.

నేను: ముఖ్యమే, రిటర్న్ పైపుకి నాజిల్ మూతి పైన, నీటిమట్టానికి కాస్త దిగువన ఆరు మిల్లీమీటర్ల చిల్లు కూడా వేద్దాం, గాలి పీల్చుకుని సైఫన్ తెగుతుంది. పాచి పడితే అదీ మూసుకుపోతుంది, కాబట్టి లెక్క మాత్రం చిల్లు లేదనుకునే వేయాలి. కానీ నాజిల్ పైకి తెచ్చినంత మాత్రాన నీ మూడడుగుల సంపు గట్టెక్కదు. ఆ యాభై లీటర్ల లెక్క నాజిల్ ఒక ఇంచులో ఉన్నప్పటిదే.

బావ: బరువు మాట? నీళ్లే 680 కిలోలు, పన్నెండు మిల్లీమీటర్ల గాజు ఇంకో నూట ఇరవై, స్టాండు, రాళ్లు. మామూలు ఇళ్ల ఫ్లోర్‌ని చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారని నువ్వే చెప్పావు. దాని మీద కింద ఇంకో పెద్ద తొట్టి పెట్టమంటావా?

నేను: ఆ భయం సరైనదే, అందుకే ఇంజనీర్‌ని పిలిచి బీమ్ ఎక్కడుందో చూపించుకోకుండా గోడ పక్కన కూడా పెట్టొద్దు. కానీ రోజూ నడిచేటప్పుడు రెండు సంపుల మధ్య తేడా యాభై కిలోల నీళ్లు, కొంచెం గాజు. టన్ను దగ్గర యాభై కిలోల కోసం ఇల్లు తడుపుకుంటావా? ఇంకోటి, ఇనుప స్టాండు అయితే ఎపాక్సీ పెయింట్ వేయించు, మన సముద్రపు గాలికి మామూలు రంగు నిలవదు.

బావ: సరే, నాలుగడుగులే అనుకుందాం. అప్పుడు సంపులో పంపు ఉండే గది పెద్దది చేయిద్దాం. ఎండాకాలంలో నీళ్లు ఆవిరైతే మట్టం తగ్గేది ఆ గదిలోనే, పంపు గాలి పీలుస్తుంది.

నేను: ఇక్కడ మాత్రం నేను చిన్న గదే కావాలంటాను. పైనుంచి సంపులోకి నీళ్లు దించే డ్రెయిన్ పైపుకి ఆకో చచ్చిన చేపో అడ్డం పడిందనుకో, పంపు తన గదిలో ఉన్న నీళ్లన్నీ పైకి ఎక్కించేదాకా ఆగదు. ఆ గదిలో 35 లీటర్లుంటే పైన మట్టం ఇంచుంపావు లేస్తుంది. నువ్వు పైన వదిలే ఖాళీ ఇంచున్నర. అందులో ఇమిడే గదే కట్టాలి. ఆవిరికి ఫ్లోట్ వాల్వ్ పెట్టి, పక్కన చిన్న డబ్బాలోంచి నీళ్లు వదులుదాం. కుళాయికి నేరుగా కలపొద్దు, ఫ్లోట్ ఇరుక్కుంటే ఆ డబ్బా వరకే నష్టం.

బావ: ఇది బాగుంది. డ్రెయిన్ ఒకటి చాలదా మరి?

నేను: రెండు. రెండూ ఒకటిన్నర ఇంచు. ఒకటి గాలి లేకుండా నిండుగా సైఫన్‌లో నడుస్తుంది, దానికి గేట్ వాల్వ్ పెట్టి నీళ్ల వేగం సర్దుకోవాలి, చప్పుడుండదు. రెండోది కొంచెం ఎత్తులో పొడిగా ఉండే పైపు, దానికి వాల్వ్ ఏదీ వద్దు. మొదటిది అడ్డుపడితే నీళ్లు దీంట్లోంచి దిగుతాయి, సంపులో పైనుంచి పడే చప్పుడుకి మనకి తెలుస్తుంది. చిల్లులు వేయించే ముందు అడుగు గాజు టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచినది) కాదని అడిగి కనుక్కో, టఫెన్డ్ గాజుకి డ్రిల్ పెడితే ముక్కలవుతుంది.

బావ: పంపు మాత్రం పెద్దదే. ఆస్కార్లు మురికి చేపలు. గంటకి పది సార్లు నీళ్లు తిరగాలి.

నేను: ఐదు సార్లు చాలు, 3400 లీటర్లు. ట్యాంకులో మురికి లేపడానికి వేవ్ మేకర్, అంటే లోపలే నీళ్లని కదిలించే చిన్న మోటారు, పెట్టు, ఆ పని రిటర్న్ పంపుతో చేయించకు. డబ్బా మీద 6000 అని రాసి ఉన్నది ఎత్తు ఏమీ లేనప్పటి మాట. ఐదడుగులు ఎక్కి, మూడు ఎల్బోలు తిరిగి వచ్చేసరికి అందులో సగం దాకా పోతుంది. పది రెట్లు కావాలంటే వంద వాట్ల పంపు కొనాలి, నెలకి 72 యూనిట్లు. నలభై ఐదు వాట్లది 32 యూనిట్లే.

బావ: బిల్లు సంగతి నేను చూసుకుంటాను. ముప్ఫై ఆరు ఇంచుల చేపల గుంపుకి నీళ్లు కదలకపోతే అడుగంతా మురికే. నేను చూశాను అలాంటి ట్యాంకులు.

నేను: ఆస్కార్ పన్నెండు, పదమూడు ఇంచుల దాకా పెరుగుతుంది బావా.

బావ: మూడు చేపలూ కలిపి చెప్పాను. పంపు సంగతి నేను ఒప్పుకోలేదు, రాసుకో. సంపు నాలుగడుగులు, నాజిల్ ఒక ఇంచు, డ్రెయిన్లు రెండు, రేపు పొద్దున గాజు షాపుకి వెళ్తున్నాను. ట్యాంకు నిండాక చేపలు వేయకముందే పది సార్లు ప్లగ్ పీకి చూద్దాం, సంపు గాజు మీద పంపు నడిచేటప్పటి మట్టానికి ఒక గీత, ఆగినప్పటి మట్టానికి ఇంకో గీత గీద్దాం. డ్రెయిన్ పైపు మూతి కింద బకెట్ పెట్టి నీ 3400 నిజంగా వస్తుందో లేదో కూడా అప్పుడే కొలుద్దాం.