పెరట్లో ఆకులు ఇంకా మిగిలే ఉన్నాయి

మెదడులో కబుర్లు మోసే రసాయనం డోపమిన్. దాన్ని కొలిచే నానో ఎలక్ట్రోడ్ల మీద, అంటే అతిసన్నని లోహపు రేణువులు పూసిన విద్యుత్ కడ్డీల మీద, ఇక చేయాల్సిన పరిశోధన లేదని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. వేపాకు కషాయంతో ఎలక్ట్రోడ్ చేసి పేపరు రాయడం అయింది, తులసితో అయింది, ఒప్పుకుంటాను. అంతమాత్రాన మన పెరళ్లలో ఆకులు నిండుకున్నాయా?

పద్ధతి చూస్తే మహా సులువు. ఆకు మరిగించిన కషాయంలో బంగారు లవణం కలిపితే ద్రావణం ఎర్రబడుతుంది. నానో బంగారం రెడీ. గాజులా నున్నగా ఉండే గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్‌ను అల్యూమినా పొడితో తళతళలాడేలా రుద్ది, పైన ఓ చుక్క వేసి ఆరబెట్టాలి. డోపమిన్ దాన్ని తాకి రెండు ఎలక్ట్రాన్లు వదులుకోగానే తెర మీద కరెంటు గీత శిఖరంలా పైకి లేస్తుంది, అదే పీక్. అది చూసి గైడ్‌గారి మెదడులో ఊరే డోపమిన్‌ను కొలిచే నాథుడే లేడు.

అసలు చిక్కంతా మెదడుతోనే. అక్కడ విటమిన్ సి డోపమిన్ కంటే వేల రెట్లు ఎక్కువ. మామూలు ఎలక్ట్రోడ్ మీద రెండూ దాదాపు ఒకే వోల్టేజి దగ్గర పలుకుతాయి. పెళ్లి బాజాల మధ్య గుసగుస వినాలన్నమాట. పైగా ఆక్సీకరణ చెందిన డోపమిన్ ఎలక్ట్రోడ్‌కు పొరలా అంటుకుని దాని నోరు మూసేస్తుంది. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ ఆడమ్స్ అనే రసాయన శాస్త్రవేత్త 1970లలో బతికున్న ఎలుక మెదడులోకే ఎలక్ట్రోడ్ దింపి ఈ తంటాలు పడ్డాడు. పాపం, బీకరుతో సరిపెట్టుకోవచ్చని ఆయనకు చెప్పినవాళ్లు లేరు కాబోలు.

మనకా బాధ లేదు. పీహెచ్ 7.4 దగ్గర నిలకడగా ఉండే ఉప్పు ద్రావణంలో, అంటే బఫర్‌లో, మనమే డోపమిన్ కలిపి, మనమే కనిపెడతాం. రియల్ శాంపిల్ ఏదని పేపరు పరిశీలించే రివ్యూయర్ పట్టుబడితే డోపమిన్ ఇంజెక్షన్ ఉండనే ఉంది. సీసా మీద ఎంతని రాసి ఉందో మన సెన్సర్‌కూ అంతే వస్తుంది. ఇక డిటెక్షన్ లిమిట్, అంటే సెన్సర్ కనిపెట్టగల అతి తక్కువ మోతాదు, అంటారా, ఖాళీ బఫర్ సిగ్నల్‌లోని ఒడుదొడుకులను మూడుతో హెచ్చించి, గ్రాఫు వాలుతో భాగిస్తే అదే దిగొస్తుంది. అంత తక్కువ డోపమిన్‌ను నిజంగా ఎప్పుడైనా కొలిచారా అని అడగడం మర్యాద కాదు.

2020లో రసాయన శాస్త్రవేత్త మార్టిన్ పుమేరా బృందం, ఒక్క అణువు మందంలో ఉండే కార్బన్ పొర గ్రాఫీన్‌కు పక్షి రెట్ట జోడించి, ఎలక్ట్రోడ్ పనితనం పెరిగిందని ఏసీఎస్ నానో పత్రికలో ప్రకటించింది. ఏం కలిపినా పేపరు వచ్చేస్తోందని వెక్కిరించడానికే చేశారట. నాకు మాత్రం ఆ పనిలో ఒకటే లోటు కనిపించింది: దాన్ని హైడ్రోజన్, ఆక్సిజన్ చర్యల మీద పరీక్షించి, డోపమిన్ జోలికి పోకుండా వదిలేశారు. ఖాళీగా ఉన్న రీసెర్చ్ స్కాలర్ ఎవరైనా ఉంటే పంపండి. మా వీధిలో కాకులకు కొదవ లేదు.