పిలిస్తే పలకని హిస్టమిన్ గారికి

అయ్యా,

నిన్న మధ్యాహ్నమంతా అలర్జీ పరీక్షకని, తుమ్ములూ దద్దుర్లూ పుట్టించే రసాయనమైన మీ కోసమే ముంజేతి మీద పెన్నుతో గీతలు గీయించుకుని కూర్చున్నాం. రెండేసి సెంటీమీటర్ల ఎడంలో ఒక్కో చుక్క: దుమ్ముపురుగు, బొద్దింక, వయ్యారిభామ పుప్పొడి. చివర ఉప్పునీటి చుక్క, దాని పక్కన సాక్షాత్తూ తమరే, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున. చుక్కచుక్కకీ ఒక సూదిపోటు. పావుగంటలో ఉప్పునీటి చోటు కన్నా మీ చోట కనీసం 3 మిల్లీమీటర్ల దద్దురు ఎక్కువ లేవాలి. అది లేస్తేనే మిగతా చుక్కల సాక్ష్యం చెల్లుతుంది. మీరు లేవలేదు. మళ్లీ రమ్మన్నారు.

దుప్పటి దులిపితే చాలు, మిమ్మల్ని దాచుకునే మాస్ట్ కణాల్లోంచి దూకి పిలవని పేరంటానికి వచ్చేస్తారే! చర్మంలోకి గుచ్చి మరీ పిలిస్తే ముఖం చాటేశారేం?

కారణం తెలుసు లెండి. అలర్జీ మాత్రలు వారం ముందే ఆపేశాం. మొన్న రాత్రి వేసుకున్నది జలుబు మాత్ర. అందులో పారాసిటమాల్ చాటున 2 మిల్లీగ్రాముల క్లోర్‌ఫెనిరమైన్ అనే అలర్జీ మందు ఉందని అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అది మిమ్మల్నేం చేయదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు కణాల మీద మీరు కూర్చునే హెచ్1 గ్రాహకం మీద సీటు ఆపుతుందంతే, మీరు నిలబడాల్సిందే. తుమ్ములు మొదలయ్యాక మింగితే ముందే మింగినంత లాభం లేనిదీ అందుకే, అప్పటికే మీరు కూర్చుని ఉంటారు. పైగా ఆ తువ్వాలు మెదడు దాకా వెళ్తుంది. అక్కడ మమ్మల్ని మెలకువగా ఉంచే ఉద్యోగం కూడా తమరిదేనట! ముక్కు కోసం మాత్ర వేస్తే ఆఫీసులో తల బల్ల మీద వాలుతోంది.

మీ తోటి సెరటోనిన్ గారూ తక్కువేం కాదు. పేరు సంతోష రసాయనం, ఒంట్లో ఉన్నదాంట్లో ఇంచుమించు 90 శాతం కాపురం పేగుల్లో. అక్కడిది మెదడు గడప దాటలేదు, వాంతులు మాత్రం తెప్పిస్తుంది. ఒండాన్‌సెట్రాన్ అనే వాంతుల మందు పడితే గానీ ఊరుకోదు.

ఇక కానాగంత చేపలు. ఐసు లేకుండా వదిలేస్తే బ్యాక్టీరియా వాటిలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని మీగా మార్చేస్తుంది. పులుసు ఎంత మరిగినా మీరు చావరు.

ఇవన్నీ ఓర్చుకుంటాం. కానీ గొంతు వాచి, ఊపిరాడక, బీపీ పడిపోతున్న మనిషి కూడా "సిట్రిజిన్ వేశాంగా, తగ్గుతుందిలే" అని కూర్చునేట్టు అలవాటు చేశావు చూడు, అది మాత్రం క్షమించం. దద్దుర్లకీ దానికీ ఒకటే మందా? అప్పుడు కావాల్సింది తొడ బయటివైపు కండలోకి అడ్రినలిన్, పెద్దవాళ్లకైతే అర మిల్లీగ్రాము, వెంటనే. నీ సీటు ఆపే తువ్వాలు అక్కడ ప్రాణం నిలబెట్టదు.

సరే. వచ్చే గురువారం మళ్లీ పరీక్ష. ఈ ఏడు రోజులూ జలుబు మాత్ర లేదు, దగ్గు సిరప్ లేదు. తుమ్మించుకో, గోకించుకో, మా ముక్కు నీదే. గురువారం మధ్యాహ్నం ఆ పావుగంట మాత్రం లే.

ఇట్లు,
తడిసిన చేతిరుమాలు