సర్వర్‌ని ముట్టుకోకండి, ప్లీజ్

ప్యాచ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో బొక్క పూడ్చే అతుకు, వచ్చిందనగానే ఎగేసుకుని అప్‌డేట్ కొట్టేసేవాళ్ళని చూస్తే నాకు దడ. నడుస్తున్న సర్వర్ అండీ అది, టామ్‌క్యాట్ అని జావా వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్. ఎవరో మహానుభావుడు ఎప్పుడో పెట్టి వెళ్ళిపోయాడు, ఏ వెర్షనో టీంలో ఒక్కరికీ తెలీదు, పాస్‌వర్డ్ మాత్రం అందరికీ తెలుసు, యూజర్ పేరు టామ్‌క్యాట్, పాస్‌వర్డూ టామ్‌క్యాటే, పాపం 8080 పోర్ట్ మీద కూర్చుని తన పని తను చేసుకుంటోంది. దాన్ని కెలకడమంటే గాలికి పోయే కంపని తెచ్చి ఒంటికి తగిలించుకోవడమే.

మా ఆఫీసులో దీనికో పద్ధతుంది. సోమవారం ప్యాచ్ గురించి మెయిల్ వస్తుంది. మంగళవారం ఎవరో ఒకరు 'నోటెడ్' అని రిప్లై కొడతారు, ఆ ఒక్క మాటతో సగం బొక్క పూడిపోతుంది. ముందు టెస్టింగ్ సర్వర్‌లో వేసి చూద్దామంటే అది పడుకుని మూడు నెలలైంది, టికెట్ ఓపెన్‌లోనే ఉంది, గురువారం మేనేజర్ లీవు, శుక్రవారం సర్వర్ జోలికి పోకూడదన్నది శాస్త్రం, ఆపైన నెలాఖరు, ఇంతలో ఇంకో ప్యాచ్ వస్తుంది కాబట్టి రెండూ కలిపి ఒకేసారి వేద్దాం అని తీర్మానం అవుతుంది. ఇలా కలుపుకుంటూ పోతున్నాం, ఇప్పటికి చాలా కలిశాయి.

ప్యాచ్ ఎందుకని ఎవర్నడిగినా ఈక్విఫాక్స్ కథ చెప్తారు, అమెరికాలో జనాల అప్పుల చిట్టా దాచే కంపెనీ. అపాచీ స్ట్రట్స్‌లో, అంటే జావాతో వెబ్‌సైట్లు కట్టే సరంజామాలో, 2017లో ఒక బొక్క బయటపడింది, కంటెంట్-టైప్ హెడర్‌లో, అంటే వచ్చిన సరుకు ఏ రకమో రాసే చోట, కమాండ్ రాసి పంపితే సర్వర్ బుద్ధిగా నడిపేసేది. ప్యాచ్ మార్చి 7కే వచ్చేసింది. వీళ్ళు వెయ్యలేదు, మే నెల మధ్యలో దొంగలు దూరారు, జులై 29న గానీ తెలీలేదు, ఎందుకంటే లోపలి ట్రాఫిక్‌ని చూడాల్సిన డబ్బా సర్టిఫికెట్ గడువు తీరిపోయి గుడ్డిగా కూర్చుంది. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు, వీళ్ళ కుక్కలు రెండున్నర నెలలకే మొరిగాయి. ఆ స్పీడుని ఒక్కరూ మెచ్చుకోరేం?

అసలు తప్పంతా ప్యాచ్ ఇచ్చేవాళ్ళది. ప్యాచ్ రాగానే హ్యాకర్లు పాత కోడూ కొత్త కోడూ పక్కపక్కన పెట్టుకుని ఏ లైన్ మారిందో చూసుకుంటారు, బొక్క అడ్రస్ దొరికిపోతుంది. రిలీజ్ నోట్స్ ఇంత శ్రద్ధగా చదివే పాఠకులు ఇంకెక్కడా లేరు. మనం మాత్రం 'నోటెడ్'.

లాగ్4జే సంగతి తీసుకోండి, జావా ప్రోగ్రాముల్లో ఏం జరిగిందో లాగ్‌లో, అంటే చిట్టాలో, రాసిపెట్టే సాఫ్ట్‌వేర్. 2021 డిసెంబర్. డాలర్ గుర్తు పెట్టి ఫ్లవర్ బ్రాకెట్‌లో జేఎన్‌డీఐ అని మొదలెట్టి ఒక అడ్రస్ రాసి ఏ చాట్ బాక్స్‌లోనో పడేస్తే చాలు, సర్వర్ దాన్ని లాగ్‌లో రాసుకుంటూ రాసుకుంటూ ఆ అడ్రస్‌కి వెళ్ళి అక్కడున్న కోడ్ తెచ్చుకుని నడిపేది. తీవ్రత పదికి పది, మార్కుల్లో తిరుగులేదు. దానికి 2.15 ఇచ్చారు, అది చాల్లేదని 2.16, మళ్ళీ 2.17, ఆపైన 2.17.1, అన్నీ ఆ నెలలోనే. బుద్ధిమంతులు నాలుగుసార్లు రాత్రుళ్ళు మేలుకున్నారు, మేం హాయిగా నిద్రపోయాం.

అదే ఏడు మాకు గొప్ప గెలుపు కూడా దక్కింది. అపాచీ వెబ్ సర్వర్, టామ్‌క్యాట్ కాదు, అది వేరే, 2.4.49 వచ్చింది కదా, అందులో యూఆర్ఎల్‌లో చుక్కల్ని ఎన్‌కోడ్ చేసి పంపితే బయటి ఫోల్డర్లలోకి దూరిపోవచ్చు. 2.4.50లో సగమే పూడ్చారు, 2.4.51 దాకా ఆగాల్సొచ్చింది. మాది అప్పటికి 2.4.48! అసలా బొక్క మా దాంట్లో పుట్టనే లేదు. బద్ధకానికి ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి? 48లో ప్రాక్సీ దగ్గర, అంటే రిక్వెస్టుల్ని ఇంకో సర్వర్‌కి దాటేసే చోట, వేరే బొక్క ఉంది, 49లో దాన్నే పూడ్చారు అని కొత్తగా చేరిన కుర్రాడు గొణిగాడు, వాడిని మీటింగులకి పిలవడం మానేశాం.

ఆ కుర్రాడే మొన్న మా సైట్ అడ్రస్ తప్పు టైప్ చేసి తెల్లమొహం వేసుకుని నా దగ్గరికొచ్చాడు. స్క్రీన్ మీద 404 ఎర్రర్ పేజీ. ఇన్నాళ్ళూ మాకెవరికీ తెలీని టామ్‌క్యాట్ వెర్షన్, పాయింట్లూ సబ్‌పాయింట్లతో సహా ఆ పేజీ అడుగున రాసుంది, దారిన పోయే ఎవడైనా చదువుకునేట్టు.

నోటెడ్ అన్నాను.