సముద్రం వాటా ఎంత?

ఏటా జూన్ 8న ప్రపంచ సముద్ర దినోత్సవం జరుపుతారు. తీరంలో అధికారులు ప్లాస్టిక్ సీసాలు ఏరుతారు, విద్యార్థుల చేత ప్రతిజ్ఞ చేయిస్తారు, సముద్రాన్ని బతికించుకోవాలని నాయకులు సందేశాలిస్తారు. రెండు నెలలు తిరిగేసరికి గోదావరికి వరద వస్తుంది, ధవళేశ్వరంలో గేట్లు లేస్తాయి. అప్పుడు అదే నాయకులు, ఏ పార్టీ వారైనా సరే, ఒకే పాట అందుకుంటారు: ఇన్ని వందల టీఎంసీలు వృథాగా సముద్రం పాలయ్యాయి! జూన్‌లో సముద్రాన్ని కాపాడాలన్న నోటితోనే ఆగస్టులో ఆ సముద్రానికి చేరే నీటిని వృథా అంటుంటే, ప్రజలు ఏ మాట నమ్మాలి? దీన్ని అవగాహన కల్పించడం అనరు.

నది సముద్రంలో కలవడం నష్టం కాదు. తీరం బతికేదే దానివల్ల. వరద నీటితో వచ్చే ఒండ్రు డెల్టాను నిలబెడుతుంది. దాంతో వచ్చే పోషకాలు తీర జలాల్లో చేపలకు మేత అవుతాయి. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులు పెరగడానికి ఒట్టి ఉప్పునీరు చాలదు, ఒట్టి మంచినీరు పనికిరాదు. రెండూ కలిసిన నీరు కావాలి. సముద్రంలో దొరికే రొయ్య, పీత, పండుగొప్ప పిల్లలుగా పెరిగేది ఆ మడ వేళ్ల మధ్యే. వేలకు వేలు పోసి కొనుక్కునే పులస కూడా ఎర్రనీరు సముద్రాన్ని తాకినప్పుడే గోదావరిలోకి ఎదురీదుతుంది. కృష్ణమ్మ పరిస్థితి మరీ దారుణం. శ్రీశైలం, నాగార్జునసాగర్ గోడల వెనక ఒండ్రు ఆగిపోతోంది. వానలు లేని ఏడాది ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తప్ప నీరు కనిపించదు. ఒండ్రు అందని డెల్టా అంచులను అలలు కోసుకుపోతున్నాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేల మందిని పోగొట్టుకున్న దివిసీమకు తీరం బలహీనపడటమంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

పాఠం కావలసింది హైదరాబాద్‌కే. సముద్రం మనకు లేదు కదా, ఆ గొడవ కోస్తా వాళ్లది అనే ధోరణి ఈ నగరంలో బలంగా ఉంది. ఈ నగరం తాగేది నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా నీరు, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీరు. రెండు నదుల నుంచీ తోడుకుని, బదులుగా పంపేది మూసీ మురుగు. అది వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తీరప్రాంత మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పేదీ, సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ మన ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్. సముద్రాన్ని చదివే కేంద్ర సంస్థను పక్కనే పెట్టుకుని సముద్రంతో సంబంధం లేదనడం ఎంత మాత్రం తగదు.

రెండు రాష్ట్రాల తగాదానే చూడండి. కృష్ణలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు బచావత్ ట్రైబ్యునల్ ఇచ్చిన 811 టీఎంసీలను ఎలా పంచుకోవాలన్న వాదన విభజన తర్వాత కూడా తెగలేదు. గోదావరి నుంచి 200 టీఎంసీలు రాయలసీమలోని బనకచర్లకు మళ్లిస్తామని ఆంధ్రప్రదేశ్ అంటే, తెలంగాణ గట్టిగా వ్యతిరేకించింది. ఆ వ్యతిరేకత తన వాటా కోసమే. సముద్రం వాటా ఎంత అని అమరావతిలో అడిగిన వారు లేరు, హైదరాబాద్‌లో అడిగిన వారూ లేరు. కోరింగకు ఏ నెలలో ఎంత నీరు చేరాలి? కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవికి ఎంత? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా తీర పునరుద్ధరణ అనడం ప్రజలను మభ్యపెట్టడమే.

రాయలసీమ కరువు నిజం, పాలమూరు వలసలూ నిజం, వారికి నీరు అందాల్సిందే. కానీ పంచుకునేవారి జాబితాలో నది చివర ఉన్నదానికి చోటే లేకుండా చేసి, అదే మిగులు జలం అని పేరు పెట్టడాన్ని ఈ పత్రిక అంగీకరించదు. ఇవాళ గోదావరి విషయంలో ఒప్పుకుంటే రేపు వంశధార, నాగావళి, పెన్నలకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

ఇక పునరుద్ధరణ భారం ఎవరి మీద పడుతోందో చూద్దాం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. పడవలు ఒడ్డున కడతారు, ఇల్లు గడవక అప్పులు చేస్తారు. మురుగు కాలువకు అలాంటి నిషేధం ఒక్క రోజు లేదు. పరిశ్రమల వ్యర్థాల గొట్టాలకు లేదు. రసాయన వ్యర్థాలతో పాడైన పటాన్‌చెరు దుర్గతి చూసిన తర్వాత కూడా రసాయన పరిశ్రమలను తీరానికి తరలిస్తుంటే, అనకాపల్లి జిల్లా నక్కపల్లి మత్స్యకారులు ఇదేమిటని రోడ్డెక్కి అడిగారు. వారికి సముద్రం మీద అవగాహన లేదని ఎవరైనా అనగలరా? 2020లో కాకినాడ దుమ్ములపేటలో ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లను నరికించింది ప్రభుత్వ యంత్రాంగమే. హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

దారి తెలియక కాదు. ఎండి, ఉప్పు పేరుకుపోయిన మడ భూముల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీరు లోపలికి వచ్చి పోయేలా చేస్తే అడవి మళ్లీ లేచింది. కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊరి జనం కలిసి చేసి చూపించారు. ఇరవై ఏళ్లు దాటింది. ఆ కాలువలు పూడిపోకుండా తవ్వించడానికి డబ్బు, పైనుంచి రావలసిన మంచినీటికి హామీ, ఈ రెండూ కావాలి. మొక్క నాటి ఫొటో దిగితే అడవి పెరగదు.

నదీ యాజమాన్య బోర్డుల తదుపరి సమావేశాల్లో సముద్రానికి వదలాల్సిన కనీస ప్రవాహం ఎంతో, నెలవారీగా, రెండు రాష్ట్రాలూ రాతపూర్వకంగా చెప్పాలి. మూసీ మురుగును పూర్తిగా శుద్ధి చేసే తేదీని తెలంగాణ ప్రకటించాలి. గొట్టాల్లోంచి సముద్రంలోకి ఏం వెళుతోందో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి రోజూ తీరగ్రామాల్లోనే బహిరంగంగా ఉంచాలి. ఇవి చేయలేని మంత్రులు, అధికారులు వచ్చే జూన్ 8న తీరానికి వచ్చి మత్స్యకారుల పిల్లలకు సముద్రం గురించి చెప్పే సాహసం చేయవద్దు.