బొగ్గుకు దక్కిన మర్యాద శిలాజానికి ఏదీ?

విలియం కింగ్ పేరు సింగరేణికి కొత్త కాదు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ పట్టిన జియలాజికల్ సర్వే అధికారి ఆయనే. ఒక బొగ్గు పొరను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అదే కింగ్ 1881లో ప్రాణహిత-గోదావరి లోయ శిలలపై ఒక సమగ్ర నివేదిక ప్రచురించారు. బొగ్గు పొరలు పేరుకున్న కోట్ల ఏళ్లకు వాటిపైన వచ్చి చేరిన ఎర్ర బురదరాళ్లు, ఇసుకరాళ్లు, సున్నపురాళ్ల వివరాలు అందులో ఉన్నాయి. ఆయన చెప్పినదాంట్లో బొగ్గు వరకే మనం చెవిన పెట్టాం. పైనున్న రాళ్ల సంగతి పరిశోధకుల సదస్సులకు వదిలేశాం.

ఆ రాళ్లలో ఒక శ్రేణికి కోటా అని పేరు. రాజస్థాన్ నుంచి వచ్చి మన ఇళ్లలో పరుచుకునే కోటా బండకూ దీనికీ సంబంధం లేదు. ఆ బండ దీనికంటే అనేక రెట్లు పాతది. మనం చెబుతున్న కోటా ప్రాణహిత ఎడమ గట్టున, మహారాష్ట్రలోని సిరొంచకు దగ్గరలో ఉన్న చిన్న ఊరు. ఆ ఊరి పేరుతో మొదలైన శిలాశ్రేణి నది దాటి పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోకీ సాగింది.

జురాసిక్ కాలంలో, అంటే సుమారు పదిహేడు పద్దెనిమిది కోట్ల ఏళ్ల కిందట, ఇక్కడ నదులు పారే విశాలమైన మైదానం, అందులో లోతు లేని మంచినీటి సరస్సులు ఉండేవి. సున్నం కలిసిన నీరు వాటిలో నిలిచి, నాచు పెరిగి, పలచని పొరల మీద పొరలుగా సున్నపురాయి ఏర్పడింది. కొన్ని పలకల మీద బురద ఎండి బీటలు వారిన గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. సరస్సు అప్పుడప్పుడూ అడుగంటేదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఈ రాళ్లలో దొరికిన చేపల శిలాజాలను చూసి ఇక్కడికి సముద్రం వచ్చి ఉంటుందని ఒకప్పుడు కొందరు వాదించారు. కానీ అదే రాతిలో దొరికిన కేరా జాతి నాచు కాయలు, సూక్ష్మమైన గుల్ల జీవులు మంచినీటి వైపే చూపుతున్నాయి. ఈ పొరలు జురాసిక్ తొలి దశవా, మధ్య దశవా అనే వివాదం మాత్రం తెగలేదు. చేపలు ఒకటి చెబితే నాచు మరొకటి చెబుతోంది.

ఆ చేపల కథ కూడా పాతదే. లెపిడోటిస్ దక్కనెన్సిస్ అనే చేప వివరాలు 1851లోనే లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. మందపాటి, మెరుపు పొలుసులున్న చేప అది. కండ కరిగిపోయినా పొలుసుల కవచం రాతిపలక మీద చెక్కుచెదరకుండా మిగిలింది. మన నేలలోని చేప గురించి లండన్ చదివి నూట డెబ్భై ఏళ్లు దాటింది. గోదావరి గట్టు మీది పిల్లవాడికి ఆ సంగతి చెప్పే పాఠం మాత్రం ఇంకా రాలేదు.

చేపల కంటే పెద్ద కథ ఎముకలది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ గణాంక శాస్త్రజ్ఞుడే అయినా, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భూగర్భ శాస్త్రానికి చోటిచ్చారు. లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్ అక్కడి యువకులకు శిలాజాల వేట నేర్పారు. ఆ బృందానికి పోచంపల్లి గ్రామ పరిసరాల్లో, సున్నపురాయికి దిగువనున్న పొరల్లో, ఒక మహాకాయపు ఎముకలు గుట్టగా దొరికాయి. అది చేనేతల పోచంపల్లి కాదు, ఆదిలాబాద్ వైపుది. సుమారు మూడు వందల ఎముకలను కలకత్తా చేర్చి, అతికి, నిలబెట్టారు. తవ్వకాలు సాగింది రవీంద్రుడి శతజయంతి (1961) కాలంలో కావడంతో ఆ జంతువుకు బరపాసారస్ టాగోరై అని 1975లో నామకరణం చేశారు. తరువాత యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వేకు దొరికిన మరో శాకాహార రాక్షసబల్లికి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. దాని కాళ్ల దగ్గర నిలబడి సెల్ఫీ తీసుకునేవారిలో యామన్‌పల్లి ఎక్కడుందో ఎందరికి తెలుసు?

రాక్షసబల్లుల మోజులో పడి మనం పట్టించుకోనిది మరొకటి ఉంది. ఇక్కడి బంకమట్టిని నీళ్లలో నానబెట్టి, జల్లెడ పట్టి, సూక్ష్మదర్శిని కింద ఏరితే మిల్లీమీటర్ల పళ్లు బయటపడ్డాయి. అవి తొలినాటి క్షీరదాలవి. వాటిలో కోటాథీరియం హాల్డేనీని 1981లో ప్రకటించారు. భారతదేశంలో జురాసిక్ క్షీరదం ఉన్నట్టు తెలియడం అదే మొదలు. ఆ తరువాత పైకాసిగూడెం పేరుతో పైకాసిగూడోడాన్ వచ్చింది. ఎలుకంత ప్రాణులు, రాక్షసబల్లుల అడుగుల మధ్య బతికినవి. శాస్త్రానికి సంబంధించినంత వరకు బల్లి తొడ ఎముక కంటే ఈ పళ్లే విలువైనవని మా అభిప్రాయం. క్షీరదాల తొలి పుటలు ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే మిగిలాయి.

ఇంకా దొరకాల్సినవీ ఉన్నాయి. అంత పెద్ద బల్లులు రెండింటికీ పళ్లు తప్ప పుర్రె దొరకలేదు. అందుకే ఈ నేలను ఒక్కసారి తవ్వి వదిలేసిన చోటుగా చూడకూడదు. రోడ్డుకో, కాలువకో, చెరువు పూడికతీతకో యంత్రం దించేముందు అక్కడ ఏముందో చూసే నిబంధన ఏదీ లేదు. గుడిలోని విగ్రహం పోతే కేసు పెట్టడానికి చట్టం ఉంది. శిలాజాన్ని సంచిలో వేసుకుపోతే ఏ సెక్షను కింద పట్టుకోవాలో పోలీసులకు తెలియదు. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ, శిలాజాలూ అరుదైన రాళ్లూ ఉన్న చోట్లను కాపాడేందుకు, భూవారసత్వ స్థలాల ముసాయిదా బిల్లును విడుదల చేసింది. అధికారమంతా జియలాజికల్ సర్వే చేతిలో పెడితే విశ్వవిద్యాలయ పరిశోధకుల చేతులు కట్టేసినట్టవుతుందని అప్పుడే శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం సబబే. దాన్ని సవరించుకోవాలి గానీ, దాన్ని సాకుగా చేసుకుని బిల్లునే అటకెక్కించకూడదు.

ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కరలేని పనులూ ఉన్నాయి. సిరొంచ ప్రాంతంలోని వడధంలో మహారాష్ట్ర ఒక శిలాజ పార్కు పెట్టింది. ఆ రాళ్లే ఇవతలి గట్టునా ఉన్నప్పుడు తెలంగాణకు ఆ ఆలోచన ఎందుకు రాకూడదు? కోటా పొరలున్న గ్రామాలను రెవెన్యూ పటాల్లో గుర్తించాలి. తవ్వకం పనులకు ముందు భూగర్భ శాస్త్రవేత్తల పరిశీలనను తప్పనిసరి చేయాలి. దొరికిన ఎముకను అప్పగించిన రైతుకు పంట నష్టపరిహారంతో పాటు పారితోషికమూ ఇవ్వాలి. తన చేను చేజారిపోతుందని భయపడే రైతు ఎముక కనబడితే మట్టి కప్పేస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరానికి 2025లో సరస్వతి పుష్కరాలకు జనం పోటెత్తారు. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. ఘాట్లకూ రోడ్లకూ పెట్టే ఖర్చులో పిసరంత తీసి, సంగమం దగ్గర ఒక చిన్న ప్రదర్శనశాల కట్టవచ్చు. కలకత్తా, హైదరాబాదుల నుంచి అసలు ఎముకలు రానక్కరలేదు, అచ్చు తీసిన నకళ్లు చాలు. ఒక చేప పలక, ఒక తొడ ఎముక, భూతద్దం కింద పైకాసిగూడెం పన్ను, పక్కన తెలుగులోనూ మరాఠీలోనూ రాసిన వివరం. దీనికి టెండరు పిలవడానికి సమయం ఇంకా మించిపోలేదు.